వార్డులో చేసిన పని అసెంబ్లీ ఓటులో ఎందుకు కనబడలేదు?

2021లో గెలిచిన సర్పంచులు, ఎంపీటీసీలు, కార్పొరేటర్ల ఐదేళ్ల గడువు 2026లో తీరిపోతుంది. వీళ్లలో కొందరి చూపు మళ్లీ అదే కుర్చీ మీద ఉంటే, ఇంకొందరి చూపు 2029 అసెంబ్లీ మీద ఉంటుంది. మండలంలో నాలుగు పనులు చేసి పేరు తెచ్చుకున్నవాళ్లు ఎమ్మెల్యే టికెట్ అడగడం కొత్తేమీ కాదు. అడవులదీవి నుంచి రేపల్లె దాకా, అటు తెనాలి, బాపట్ల దాకా ముస్లిం కుటుంబాల్లో రాజకీయాల సంగతి వస్తే ఒక ప్రశ్న పక్కనే ఉంటుంది. కిందిస్థాయిలో మనవాడు బాగా పని చేస్తే పార్టీ పైకి పంపిస్తుందా? పంపిస్తే జనం ఆ పని చూసి ఓటేస్తారా?

2024 ఎన్నికలు దీనికి ఒక జవాబు ఇచ్చాయి. జవాబు చేదుగానే ఉంది. అయితే దాన్ని పూర్తిగా నమ్మాల్సిన పని లేదు, ఎందుకంటే రేపల్లె నియోజకవర్గమే ఒకసారి దానికి అడ్డం తిరిగింది. ఆ కథకు వచ్చే ముందు నెల్లూరు, విజయవాడ చూడాలి. ముస్లిం స్థానిక నాయకులు నేరుగా అసెంబ్లీ బరిలోకి దిగింది అక్కడే.

ఏడుగురిలో ఒక్కరూ గెలవలేదు

2024లో వైఎస్సార్ కాంగ్రెస్ ఏడు అసెంబ్లీ సీట్లు ముస్లింలకు ఇచ్చింది. కడప, కర్నూలు, నెల్లూరు సిటీ, విజయవాడ పశ్చిమ, గుంటూరు తూర్పు, మదనపల్లె, కదిరి. ఏడూ పోయాయి. కూటమి తరఫున తెలుగుదేశం మూడు సీట్లు ఇచ్చింది. నంద్యాలలో ఎన్ఎండీ ఫరూక్, గుంటూరు తూర్పులో మహమ్మద్ నసీర్ అహ్మద్, మదనపల్లెలో షాజహాన్ బాషా. మూడూ గెలిచాయి. 175 మంది సభ్యుల సభలో ముస్లింలు ముగ్గురు. రాష్ట్ర జనాభాలో ముస్లింల వాటా ఏడు శాతం పైచిలుకు అన్న సంగతి గుర్తుంటే ఈ మూడు ఎంత తక్కువో వేరే చెప్పక్కర్లేదు.

దీన్ని 2019 పక్కన పెట్టి చూస్తే అసలు విషయం తేటగా కనబడుతుంది. అప్పుడు వైఎస్సార్ కాంగ్రెస్ ఐదుగురు ముస్లింలను నిలబెట్టింది, నలుగురు గెలిచారు. హిందూపురం ఒక్కటే పోయింది. ఐదేళ్లలో బొమ్మ తిరగబడింది. ఈ ఐదేళ్లలో అభ్యర్థులంతా ఒక్కసారిగా పనికిరానివాళ్లు అయిపోయారా? అవతలి పార్టీవాళ్లంతా ఒక్కసారిగా పనిమంతులు అయిపోయారా? రెండూ కాదు. 2024లో కూటమికి 164 సీట్లు వచ్చాయి, వైఎస్సార్ కాంగ్రెస్‌కు 11. ఆ గాలిలో మనిషిని చూసి వేసే ఓటు కొట్టుకుపోయింది.

నెల్లూరు సిటీ లెక్క చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. 2021 నవంబర్‌లో నెల్లూరు కార్పొరేషన్ ఎన్నికలు జరిగితే 54 డివిజన్లూ వైఎస్సార్ కాంగ్రెస్ గెలుచుకుంది. మహమ్మద్ ఖలీల్ అహ్మద్‌ను ఇద్దరు డిప్యూటీ మేయర్లలో ఒకరిగా ఎన్నుకున్నారు. 2024 ఎన్నికల ముందు సిట్టింగ్ ఎమ్మెల్యే అనిల్ కుమార్ యాదవ్‌ను నరసరావుపేట లోక్‌సభకు పంపి, ఆ సీటు ఖలీల్‌కు ఇచ్చారు. కార్పొరేషన్‌లో కూర్చున్న ముస్లిం నాయకుడికి జిల్లా కేంద్రంలో జనరల్ సీటు దొరకడం చిన్న విషయం కాదు.

కానీ ఆ రోజుల్లో వచ్చిన వార్తలు తిరగేసి చూస్తే, ఖలీల్ కార్పొరేషన్‌లో ఏం చేశారు, అసెంబ్లీకి వెళ్తే ముందుగా ఏం చేస్తారు అన్న చర్చ చాలా తక్కువ. చర్చంతా టికెట్ మీదే. ఆయన ఎంపికలో తనను సంప్రదించలేదని రాజ్యసభ సభ్యుడు వేమిరెడ్డి ప్రభాకర్ రెడ్డి నొచ్చుకున్నారన్న వార్తలే ఎక్కువ. తర్వాత వేమిరెడ్డి తెలుగుదేశంలో చేరి నెల్లూరు ఎంపీ అయ్యారు. అభ్యర్థి పేరు పెద్దల మధ్య అలకకు కారణంగా మాత్రమే పత్రికల్లోకి ఎక్కితే, ఆయన పనితీరు గురించి ఓటరుకు తెలిసేది ఎలా?

ఫలితం అందరికీ తెలుసు. పొంగూరు నారాయణకు 1,20,551 ఓట్లు, ఖలీల్‌కు 48,062. తేడా 72,489. నారాయణ 2014 నుంచి 2019 దాకా పురపాలక మంత్రి. నెల్లూరులో భూగర్భ డ్రైనేజీ, తాగునీటి పథకాల పనులు ఆయన హయాంలోనే మొదలయ్యాయి. మంత్రి పనితీరు ముందు డిప్యూటీ మేయర్ పనితీరు నిలబడలేదని అనుకోవచ్చు. కానీ అదే నారాయణ, అవే పనులు చూపించి, 2019లో అదే సీటులో పోటీ చేశారు. 1,988 ఓట్లతో ఓడిపోయారు. పనులు మారలేదు. ఆయన వాటి గురించి చెప్పిన మాటలూ పెద్దగా మారలేదు. 1,988 ఓట్ల ఓటమి 72 వేల ఓట్ల గెలుపు అయింది. పని చూసి ఓటేశారని చెప్పేవాళ్లు ఈ రెండు అంకెల మధ్య తేడా ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి.

ఇంకో సంగతి కూడా ఉంది. డిప్యూటీ మేయర్ అంటే వినడానికి పెద్ద హోదా. చేతిలో ఉండే అధికారం మాత్రం తక్కువ. సమావేశాలు నడిపేది మేయర్, పనులు చేయించేది కమిషనర్. మేయర్ లేనప్పుడు ఆ కుర్చీలో కూర్చోవడమే డిప్యూటీ మేయర్ ప్రధాన బాధ్యత. అలాంటి పదవిలో ఉన్నవాడిని ఏ రోడ్డు వేశావ్ అని అడగడం ఎంత న్యాయమో, నేనే వేయించాను అని ఆయన చెప్పుకోవడం కూడా అంతే న్యాయం.

లోకల్ మనిషి, బయటి మనిషి

విజయవాడ పశ్చిమలో కథ వేరు. ఈ సీటులో ముస్లిం ఓటు గట్టిది. 2014లో జలీల్ ఖాన్ గెలిచింది ఇక్కడి నుంచే. ఆయన పేరు చెప్పగానే జనానికి బీకాంలో ఫిజిక్స్ గుర్తొస్తుంది గానీ, నియోజకవర్గంలో ఆయన ఏం చేశారో ఎంతమందికి గుర్తుందో అనుమానమే. రాజకీయ నాయకుడి పనికంటే ఆయన మీద వచ్చిన జోకుకే ఆయుష్షు ఎక్కువ.

2024లో ఇక్కడ వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి షేక్ ఆసిఫ్. కార్పొరేటర్‌గా పనిచేసిన మనిషి. గల్లీలు తెలుసు, కొండ మీద ఇళ్లకు మెట్లు ఎక్కడ పాడైపోయాయో తెలిసి ఉండాల్సిన మనిషి. ఎదురుగా బీజేపీ అభ్యర్థి సుజనా చౌదరి, కేంద్రంలో మంత్రిగా చేసినాయన. ఈ నియోజకవర్గంలో అంతకుముందు పోటీ చేసింది లేదు. ఈ సీటు కోసం ఎప్పటి నుంచో పని చేసుకుంటున్న జనసేన నాయకుడు పోతిన మహేష్ టికెట్ రాక పార్టీ మారిపోయారు. అంటే కూటమిలోనే లోకల్ గొడవ ఉంది. అయినా సుజనా 47,032 ఓట్ల తేడాతో గెలిచారు.

కర్నూలులో ఇంకో రకం ప్రయోగం చేశారు. కృష్ణా జిల్లా కలెక్టర్‌గా చేసిన ఐఏఎస్ అధికారి ఏ.ఎండీ. ఇంతియాజ్ స్వచ్ఛందంగా పదవీ విరమణ తీసుకుని పార్టీలో చేరారు. సిట్టింగ్ ఎమ్మెల్యే హఫీజ్ ఖాన్‌ను పక్కనపెట్టి ఆయనకు కర్నూలు సీటు ఇచ్చారు. కలెక్టర్ చేసిన పని ఏ కార్పొరేటర్ చేసిన పనికంటే పెద్దదే, కాగితం మీద రుజువు కూడా ఎక్కువే. కరోనా మొదటి ఏడాది కృష్ణా జిల్లాలో ఆయనే కలెక్టర్. కానీ ఆ పని చూసింది కృష్ణా జిల్లా జనం, ఓటు వేయాల్సింది కర్నూలు జనం. టీజీ భరత్ చేతిలో పద్దెనిమిది వేల పైచిలుకు ఓట్లతో ఓడిపోయారు.

కడప అంజాద్ బాషాది అన్నిటికంటే పొడుగైన దారి. కడప కార్పొరేషన్‌లో కార్పొరేటర్‌గా మొదలై, 2014లో ఎమ్మెల్యే, 2019లో 54 వేలకు పైగా మెజారిటీతో మళ్లీ ఎమ్మెల్యే, ఆ వెంటనే మైనార్టీ సంక్షేమ శాఖతో ఉపముఖ్యమంత్రి. వార్డు నుంచి పైకి వెళ్లొచ్చని చూపించడానికి రాష్ట్రంలో ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. ఇమాములకు పదివేలు, మౌజన్లకు ఐదువేలు గౌరవ వేతనం అన్నది ఆ ప్రభుత్వ కాలంలోనే వచ్చింది. 2024లో ఆయన కూడా రెడ్డప్పగారి మాధవి రెడ్డి చేతిలో 18,860 ఓట్లతో ఓడిపోయారు. ఇక్కడ మాత్రం గాలి ఒక్కదాని మీదే నెట్టేయడం తేలిక జవాబు అవుతుంది. పదేళ్లు ఎమ్మెల్యే, అందులో ఐదేళ్లు ఉపముఖ్యమంత్రి. కార్పొరేటర్ తన చేతిలో ఏముందని అనొచ్చు, ఉపముఖ్యమంత్రి అలా అనలేడు. పదవి పెరిగేకొద్దీ అడగాల్సిన ప్రశ్న కూడా పెరగాలి.

గుంటూరు తూర్పు, మదనపల్లెల్లో రెండు పెద్ద పార్టీల అభ్యర్థులూ ముస్లింలే. ఎవరు గెలిచినా సభకు ముస్లిం వెళ్తాడు. నిజానికి మనిషిని చూసి, పని చూసి ఎంచుకోవడానికి ఇంతకంటే మంచి అవకాశం ముస్లిం ఓటరుకు దొరకదు. అక్కడ కూడా పోటీ పార్టీల మధ్యే నడిచింది.

గాలికి ఎదురు నిలిచిన రేపల్లె

ఇంతవరకు చదివితే, ఇక పనితీరు మాట ఎందుకు, గాలి ఎటు వీస్తే అటే అనిపిస్తుంది. అడవులదీవి ఓటు ఉన్న నియోజకవర్గం ఈ మాట ఒప్పుకోదు.

2019లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు 151 సీట్లు వచ్చాయి. తెలుగుదేశానికి మిగిలినవి 23. ఆ 23లో రేపల్లె ఒకటి. ఓడిపోయింది ఎవరో కొత్త మనిషి కాదు, నిజాంపట్నానికే చెందిన మోపిదేవి వెంకటరమణ. 1999, 2004లో కూచినపూడి ఎమ్మెల్యే. నియోజకవర్గాల పునర్విభజనలో కూచినపూడి పోయి రేపల్లెలో కలిశాక, 2009లో రేపల్లె ఎమ్మెల్యే, మంత్రి. వాన్‌పిక్ భూముల కేసులో ఆరోపణల మీద 2012 మేలో సీబీఐ ఆయన్ను అరెస్టు చేసింది, మంత్రి పదవి పోయింది. 2014లో అనగాని సత్యప్రసాద్ చేతిలో ఓడిపోయారు. 2019లో రాష్ట్రమంతా తన పార్టీ గాలి వీస్తుంటే మళ్లీ ఆయన చేతిలోనే, పదకొండు వేల పైచిలుకు ఓట్లతో ఓడిపోయారు.

ఆ ఓటమికి కారణాలు ఎవరి లెక్క ప్రకారం వాళ్లు చెబుతారు. ఒక్కటి మాత్రం అంకెల్లోనే ఉంది. రాష్ట్రమంతా ఒకవైపు పోతుంటే, ఇద్దరు అభ్యర్థులనూ పదేళ్లుగా చూసిన ఈ నియోజకవర్గం ఇంకోవైపు నిలబడింది. ఇద్దరూ తెలిసినవాళ్లే. ఒకరు మంత్రిగా తెలుసు, ఇంకొకరు ఐదేళ్ల ఎమ్మెల్యేగా తెలుసు. నెల్లూరులో, విజయవాడ పశ్చిమలో చివరి నిమిషంలో ఊడిపడ్డ పోటీకీ, దీనికీ తేడా అదే. ఓటరుకు పోల్చుకునే టైం దొరికింది.

తర్వాత జరిగింది కూడా మర్చిపోకూడదు. ఓడిన మోపిదేవిని 2019 జూన్‌లో మంత్రిని చేశారు, తర్వాత శాసనమండలికి పంపారు. పశుసంవర్ధక, మత్స్య, మార్కెటింగ్ శాఖలు చూశారు. 2020లో రాజ్యసభకు వెళ్లారు. 2024 ఆగస్టులో ఆ పదవికీ, పార్టీకీ రాజీనామా చేసి తర్వాత తెలుగుదేశంలో చేరారు. జనం కాదన్న మనిషిని పార్టీ మంత్రిని చేసింది, ఆ మనిషి ఇప్పుడు తనను రెండుసార్లు ఓడించిన పార్టీలోనే ఉన్నారు. తీరం వైపు ఊళ్లలో ఓటరు గందరగోళపడితే తప్పు ఓటరుది కాదు.

ఎవరు చేసింది ఎవరి ఖాతాలో?

ఎన్నికలప్పుడు అభ్యర్థులు చెప్పుకునే పనుల జాబితాలో ఎక్కువ భాగం వాళ్లు చేసినవి కావు. ఇది ఏ ఒక్క పార్టీ జబ్బూ కాదు.

నిజాంపట్నం హార్బర్ తీసుకోండి. దాని విస్తరణకు 2020 నవంబర్ 21న అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి శంకుస్థాపన చేశారు, మరో మూడు హార్బర్లతో కలిపి. అది రాష్ట్ర స్థాయి పని, అప్పు తెచ్చి చేసేది. సర్పంచ్‌కు, ఎంపీటీసీకి, జడ్పీటీసీకి అందులో చేయి లేదు. వేట నిషేధ సమయంలో మత్స్యకారులకు ఇచ్చే సాయం కూడా అంతే. జగన్ ప్రభుత్వంలో అది పదివేలు, 2023 మే 16న ఆ డబ్బు నిజాంపట్నం సభలోనే విడుదల చేశారు. కూటమి వచ్చాక 2025 నుంచి ఇరవై వేలు చేసింది. పింఛను నాలుగు వేలు కావడం కూడా 2024లో ప్రభుత్వం మారాక జరిగిందే. ఇవన్నీ బడ్జెట్‌లోంచి వచ్చేవి. పింఛను పంపిణీ రోజు పక్కన నిలబడి ఫొటో దిగిన మండల నాయకుడు 2029లో వచ్చి నేను ఇప్పించాను అంటే, ఆ మాటకు విలువ ఎంత కట్టాలో ఇంట్లో పెద్దవాళ్లకు తెలుసు.

మరి స్థానిక నాయకుడి చేతిలో నిజంగా ఏముంది? ఉంది, అయితే తక్కువ. వీధి లైట్లు, మురుగు కాలవలు, మంచినీళ్లు, చెత్త, ఊరి లోపల చిన్న రోడ్లు. శ్మశానాలు, ఖబరస్తాన్ల నిర్వహణ కూడా చట్టం ప్రకారం పంచాయతీ బాధ్యతల్లో ఉంది, ఈ సంగతి చాలామందికి తెలియదు. డబ్బు విషయానికొస్తే, పదిహేనో ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం మంచినీళ్లు, పారిశుధ్యానికే కట్టేసి వస్తుంది. మిగతా 40 శాతం ఊరి అవసరం చూసి ఖర్చు పెట్టుకోవచ్చు. సముద్రం పక్కన, భూమిలో ఉప్పు నీళ్లు ఉండే ఊళ్లలో ఆ 60 శాతం ఎలా ఖర్చయిందన్నదే సర్పంచ్ పనితీరుకు అసలు పరీక్ష. 2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. కాలవల పూడిక ఎప్పుడు తీశారు, ఎంత తీశారు అన్నది ఇక్కడ ఊరికే అడిగే ప్రశ్న కాదు.

సర్పంచుల వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. గత ప్రభుత్వంలో పంచాయతీల ఖాతాల్లో పడిన ఆర్థిక సంఘం డబ్బును కరెంటు బకాయిల కింద సర్దేశారు. పార్టీతో సంబంధం లేకుండా రాష్ట్రమంతా సర్పంచులు రోడ్డెక్కారు. అధికార పార్టీ సర్పంచులు కూడా అందులో ఉన్నారు. 2019 అక్టోబర్ 2న వచ్చిన గ్రామ సచివాలయాలతో, ఇంటింటికీ తిరిగే వలంటీర్లతో జనానికి సర్పంచ్ దగ్గరకు వెళ్లే అవసరమే తగ్గిపోయింది. కాబట్టి 2021 బ్యాచ్ సర్పంచ్ ఏం చేయలేదు అని ఒక్క మాటలో కొట్టిపారేయడం అన్యాయం. డబ్బు పోయినప్పుడు ఆయన ఏం చేశాడన్నది మాత్రం అడగొచ్చు. తీర్మానం చేసి పంపాడా, గట్టిగా అడిగాడా, లేక పార్టీ ఏమంటుందోనని ఊరుకున్నాడా? ఎమ్మెల్యే అయ్యాక మనిషి ఎలా ఉంటాడో చెప్పే సూచన ఇందులో ఉంటుంది. పెద్ద సభలో ఏడు శాతం జనం తరఫున మాట్లాడాల్సి వచ్చినప్పుడు, సొంత పార్టీ కళ్లెర్రజేస్తే ఊరుకునే మనిషా కాదా అన్నది వక్ఫ్ సవరణ చట్టం లాంటి సందర్భాల్లో బయటపడుతుంది.

2021లో ఎన్నికైనవాళ్లలో చాలామందికి అసలు పరీక్షే జరగలేదు. ఆ విడతలో రాష్ట్రంలో 2,371 ఎంపీటీసీలు, 126 జడ్పీటీసీలు ఏకగ్రీవం అయ్యాయి. మిగిలిన చోట్ల 2021 ఏప్రిల్‌లో జరిగిన పోలింగ్‌ను తెలుగుదేశం బహిష్కరించింది. పోటీ లేకుండా వచ్చిన పదవిని ప్రజాదరణ అని చూపించి టికెట్ అడిగితే, ఆ లెక్క చెల్లదు.

కింద రిజర్వేషన్, పైన లేదు

ముస్లిం కుటుంబాలకు స్థానిక సంస్థలు ఎందుకు ముఖ్యమో చెప్పడానికి రెండు విషయాలు చాలు.

మొదటిది బీసీ రిజర్వేషన్. పంచాయతీల్లో, మున్సిపాలిటీల్లో బీసీలకు సీట్లు కేటాయిస్తారు. నూర్‌బాషా, దూదేకుల కుటుంబాలు బీసీ-బీలో, చాలా ముస్లిం వర్గాలు బీసీ-ఈలో ఉన్నాయి. బీసీకి రిజర్వ్ అయిన చోట వాళ్లు నిలబడొచ్చు. అసెంబ్లీలో బీసీ రిజర్వేషన్ అనేదే లేదు. రేపల్లె జనరల్ సీటు. అంటే కింద మెట్టు మీద చట్టం కాస్త చేయి అందిస్తుంది, పై మెట్టు దగ్గర పార్టీ దయ మీద ఆధారపడాలి. ఆ దయ ఎప్పుడు వస్తుందో నెల్లూరు, విజయవాడ చెప్పాయి. సిట్టింగ్ ఎమ్మెల్యే వేరేచోటికి వెళ్లినప్పుడు, గెలుపు కష్టం అనుకున్నప్పుడు, ఎన్నికలు నెత్తి మీదకు వచ్చాక. అప్పుడు టికెట్ దొరికినవాడికి తన పని గురించి జనానికి చెప్పుకునే టైం ఎక్కడిది?

రెండోది ఇద్దరు పిల్లల నిబంధన. 1994 చట్టం కింద ఇద్దరికంటే ఎక్కువ పిల్లలున్నవాళ్లు సర్పంచ్‌గానో వార్డు మెంబర్‌గానో పోటీ చేయడానికి వీల్లేకుండా ఉండేది. అదే మనిషి ఎమ్మెల్యేగా మాత్రం పోటీ చేయొచ్చు, అక్కడ ఆ నిబంధన లేదు. వార్డు మెంబర్‌కు పనికిరాని మనిషి శాసనసభకు పనికొస్తాడన్నమాట! 2024 నవంబర్‌లో అసెంబ్లీ ఈ నిబంధన తీసేసింది. దీంతో ఇన్నాళ్లూ పక్కన ఉండిపోయిన మనుషులకు, ముఖ్యంగా మన ఆడవాళ్లకు, ఈసారి తలుపు తెరుచుకుంది. మహిళకు రిజర్వ్ అయిన సీటులో భార్యను నిలబెట్టి భర్త కుర్చీలో కూర్చునే పద్ధతి ఇంకా ఉన్నంతకాలం, ఆ తలుపు పూర్తిగా తెరుచుకున్నట్టు కాదు.

ఖర్చు సంగతి చూద్దాం. సర్పంచ్ గౌరవ వేతనం నెలకు మూడు వేలు. ఐదేళ్లు కలిపితే 1,80,000. అసెంబ్లీ అభ్యర్థి ఎన్నికల ఖర్చుకు ఎన్నికల సంఘం పెట్టిన పరిమితి 40 లక్షలు. అసలు ఖర్చు ఆ పరిమితి దగ్గర ఆగదని అందరికీ తెలుసు. ఊళ్లో నిజాయితీగా పని చేసిన సర్పంచ్‌కూ, అసెంబ్లీ టికెట్‌కూ మధ్య ఉన్న దూరం ఈ రెండు అంకెల్లో కనబడుతుంది. పార్టీలు స్థానిక నాయకుడి పనితీరు చూడటం లేదని బాధపడే ముందు, వాళ్లు మొదట చూసేది ఏంటో తెలుసుకోవాలి.

కాగితాలు ఎక్కడున్నాయి

అసెంబ్లీ అభ్యర్థి నామినేషన్‌తో పాటు ఇచ్చే అఫిడవిట్‌లో ఆస్తులు, అప్పులు, కేసులు, చదువు ఉంటాయి. ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. అందులో లేనిది ఒక్కటే, ఇంతకుముందు పదవిలో ఉన్నప్పుడు ఏం చేశాడన్నది. అది వేరేచోట వెతకాలి.

పంచాయతీ విషయంలో వెతకడం ఇప్పుడు అంత కష్టం కాదు. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ ఈ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్‌లో ఊరి పేరు కొడితే ఏ ఏడాది ఎంత డబ్బు వచ్చింది, ఏ పనికి ఎంత పెట్టారు అన్నది కనబడుతుంది. ఇంట్లో డిగ్రీ చదివే పిల్లలుంటే పది నిమిషాల పని. పోర్టల్‌లో డ్రైను కట్టినట్టు ఉండి వీధిలో డ్రైను లేకపోతే ఆ తేడా ఎవరికైనా తెలుస్తుంది. ఇంకా వివరం కావాలంటే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టొచ్చు. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో దానికి ఫీజు లేదు, మండల స్థాయిలో ఐదు రూపాయలు.

ఎమ్మెల్యే స్థాయిలో పరీక్ష వేరు. అనగాని సత్యప్రసాద్ 2014, 2019, 2024లో వరసగా మూడుసార్లు గెలిచి 2024 జూన్ నుంచి రెవెన్యూ మంత్రిగా ఉన్నారు. భూముల రికార్డులు, సర్వే, నిషేధిత జాబితా 22ఏ, అన్నీ ఆయన శాఖే. 2024 డిసెంబర్ 6 నుంచి నెలరోజుల పాటు ఊరూరా రెవెన్యూ సదస్సులు పెట్టారు. వక్ఫ్ ఆస్తుల వివరాలు కేంద్రం ఉమీద్ పోర్టల్‌లో ఎక్కించాలన్న నిబంధన 2025లో వచ్చింది. వక్ఫ్ సవరణ చట్టంలోని కొన్ని నిబంధనలను, అందులో కలెక్టర్‌కు ఇచ్చిన అధికారాలు కొన్నిటిని, సుప్రీంకోర్టు 2025 సెప్టెంబర్ 15న ఆపింది. ఈ గొడవ మధ్యలో ఊళ్లో మస్జిద్, ఖబరస్తాన్, ఈద్‌గా స్థలాలు రెవెన్యూ రికార్డులో ఎవరి పేరు మీద, ఎన్ని సెంట్లుగా ఉన్నాయన్నది ముతవల్లీలు, కమిటీలు చూసుకోవాల్సిన మొదటి సంగతి. రెవెన్యూ మంత్రి సొంత నియోజకవర్గంలో ఆ ఎంట్రీలు సరిగ్గా లేకపోతే, సరిచేయించమని అడగడానికి ఇంతకంటే దగ్గరి మనిషి దొరకడు. ఆయన వచ్చే ఎన్నికలకు వచ్చినప్పుడు పింఛన్ల జాబితా కంటే ముందు ఈ కాగితం అడగొచ్చు.

స్థానిక ఎన్నికల్లో అయితే ఇంత దూరం వెళ్లక్కర్లేదు. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు పెట్టి ఉపాధి హామీ పనులకు తీర్మానాలు చేయించారు. ప్రతి ఊళ్లోనూ ఆ రోజు రాసిన పుస్తకం పంచాయతీ ఆఫీసులో ఉంది. అందులో ఏ వీధి పేరు రాశారు, ఖబరస్తాన్ దారి ఉందా లేదా, ఆ సభకు మన ఇళ్ల నుంచి ఎంతమంది వెళ్లి సంతకం పెట్టారు అన్నది నామినేషన్లు మొదలవకముందే చూసుకోవచ్చు.